లెక్కల పెట్టె తాళం ఎవరి దగ్గర? జిల్లా వ్యాపారాల సర్వర్లు చెప్పే చరిత్ర

మిర్యాలగూడలోని ఒక రైస్ మిల్లు ఆఫీసులో, గుమాస్తా కుర్చీ వెనుక చెక్కబల్ల మీద, తవుడు దుమ్ము పడకుండా తెల్లగుడ్డ కప్పిన కంప్యూటర్ ఒకటి ఉండేది. దాని ముందు కూర్చొని ఎవరూ పని చేసేవారు కాదు. గుడ్డ తీస్తే నల్లని తెర మీద ఎర్రని పురుగు లాంటి బొమ్మ పాకుతూ కనిపించేది. పని పెరిగే కొద్దీ ఆ పురుగు తోక పొడవయ్యేది. 1990ల చివర్లో మరమ్మతుల పని మీద నేను ఆ మిల్లుకు వెళ్లడం మొదలుపెట్టినప్పుడు అక్కడ నడుస్తున్నది నోవెల్ నెట్‌వేర్ 3.12, అంటే ఆ కంప్యూటర్‌ను మిగతా కంప్యూటర్లకు ఫైళ్లు అందించే సర్వర్‌గా నడిపే ఆపరేటింగ్ సిస్టమ్. వే బ్రిడ్జి దగ్గర ఒకటి, బిల్లులకు ఒకటి, ఖాతాలకు రెండు, ఇలా నాలుగు కంప్యూటర్లు ఆ సర్వర్‌లోని ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ ఫైళ్లనే తెరిచేవి. మిల్లు యజమానికి నెట్‌వేర్ అన్న పేరు తెలియదు. ఆయనకు అది లెక్కల పెట్టె, అంతే.

వ్యాపార కంప్యూటింగ్‌లో సర్వర్ ఆపరేటింగ్ సిస్టమ్‌ల (ఓఎస్‌ల) చరిత్రను సాధారణంగా కంపెనీల పోరుగా, మెరుగైనది నిలిచి బలహీనమైనది తొలగిపోయిన కథగా చెబుతుంటారు. నల్గొండ, మిర్యాలగూడ, జడ్చర్ల వైపు ఆఫీసుల్లో ఇన్నేళ్లు సర్వర్లు పెట్టి, తీసి, మార్చిన అనుభవంతో ఆ కథను నేను ఒప్పుకోలేను. ఇక్కడి వ్యాపారాలు సర్వర్ ఓఎస్‌ను ఏనాడూ ఎంచుకోలేదు. లెక్కల సాఫ్ట్‌వేర్ దేని మీద నడిస్తే దాన్ని, ఊళ్లో బాగుచేసే మనిషి దేన్ని నేర్చుకొని వస్తే దాన్ని పెట్టుకున్నాయి. ఆ ఎంపిక వేరెవరి చేతిలోనో ఉన్నంతకాలం వ్యాపారి తన చేతిలో ఉంచుకోగలిగింది, ఉంచుకోవలసింది ఒక్కటే: తన లెక్కలు.

పెద్ద యంత్రాల కాలాన్ని ఇక్కడ క్లుప్తంగా చెప్పుకుంటే చాలు. 1964లో ఐబీఎం సిస్టమ్/360ను ప్రకటించి, చిన్న యంత్రానికి రాసిన ప్రోగ్రాం అదే కుటుంబంలోని పెద్ద యంత్రం మీదా నడుస్తుందన్న హామీని వ్యాపారాలకు ఇచ్చింది. విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం ఫెరా కింద విదేశీ వాటా తగ్గించుకోవడానికి ఒప్పుకోని ఐబీఎం 1978లో మన దేశం వదిలి వెళ్లాక, ఆ యంత్రాల నిర్వహణను ప్రభుత్వ రంగ సంస్థ సీఎంసీ చేపట్టింది. హైదరాబాద్‌లో 1967లో ఏర్పడిన ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ అప్పటికే టీడీసీ వరుస కంప్యూటర్లు తయారు చేస్తోంది. దేశీయ తయారీదారులకు అప్పుడు అక్కరకొచ్చింది యూనిక్స్. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన ఆ వ్యవస్థను 1973లో సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో తిరగరాయడం వల్ల, యంత్రం మారినా ఓఎస్‌ను మళ్లీ మొదటి నుంచి రాయవలసిన అవసరం తప్పింది. బ్యాంకుల యాంత్రీకరణపై రంగరాజన్ కమిటీ 1984లో నివేదిక ఇచ్చిన తరువాతి సంవత్సరాల్లో శాఖలకు వచ్చిన కంప్యూటర్లలో యూనిక్స్, దాని వారసులైన జెనిక్స్, ఎస్‌సీఓ యూనిక్స్ విస్తృతంగా కనిపించాయి. ఒక్క పెట్టెకు సీరియల్ కేబుళ్లతో ఎనిమిదో పదహారో టెర్మినళ్లు తగిలిస్తే శాఖ అంతా నడిచేది. టెర్మినల్‌లో తెర, కీబోర్డు తప్ప ఏమీ ఉండవు కాబట్టి అది పాడైనా లెక్క పాడయ్యేది కాదు.

ఈ చివరి మాట దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే నెట్‌వేర్ చేసినది సరిగ్గా దీనికి వ్యతిరేకం. యూనిక్స్‌లో ప్రోగ్రాం సర్వర్ మీదే నడుస్తుంది, తెర మాత్రమే బయట ఉంటుంది. నెట్‌వేర్‌లో ప్రోగ్రాం గుమాస్తా ముందున్న, డాస్ అనే పాత ఓఎస్‌తో నడిచే కంప్యూటర్ మీద నడుస్తుంది. సర్వర్ చేసే పని ఫైళ్లను భద్రపరచి, అడిగినవారికి అందించి, ఒకరు రాస్తున్న రికార్డును మరొకరు తాకకుండా తాళం వేయడం. ఆ పరిమితమైన పనిని అది అద్భుతంగా చేసింది. డిస్కులో ఏ ఫైలు ఎక్కడుందో తెలిపే పట్టిక మొత్తాన్ని మెమరీలోనే ఉంచుకోవడం వల్ల, 386 ప్రాసెసర్ ఉన్న పాత యంత్రం మీద కూడా అది పరుగెత్తేది. నెలల తరబడి ఎవరూ ముట్టుకోకపోయినా నడిచేది. 10 మందికి లైసెన్సు కొంటే 10 మందే. పదకొండో కంప్యూటర్ లాగిన్ అడిగితే ఒప్పుకునేది కాదు.

కానీ పట్టికను మెమరీలో ఉంచుకునే సర్వర్‌ను దించాలంటే ఒక పద్ధతి ఉంది. కన్సోల్ (సర్వర్ సొంత తెర, కీబోర్డు) దగ్గర డౌన్ అని కొట్టి, అన్నీ డిస్కుకు రాసేదాకా ఆగి, అప్పుడే స్విచ్ తీయాలి. ఒక యాసంగి సీజన్‌లో సాయంత్రం పూట ఆ మిల్లులో కరెంటు పోయింది. యూపీఎస్ బ్యాటరీ మార్చి చాలా కాలమైంది. అది రెండు నిమిషాలు కూడా నిలవలేదు. కరెంటు వచ్చాక సర్వర్ లేచింది గాని, లెక్కలున్న వాల్యూమ్ (డిస్కు భాగం) మౌంట్ కాలేదు, అంటే వాడకానికి తెరుచుకోలేదు. వీరిపేర్ అనే ప్రోగ్రాంతో పట్టికను సరిచేయడానికి రెండు గంటలు, ఆ తరువాత ఫాక్స్‌ప్రో ఇండెక్సులు కొత్తగా కట్టడానికి ఇంకొక గంట పట్టింది. ఆ మూడు గంటలూ కాటా దగ్గర వడ్ల ట్రాక్టర్లు బారులు తీరి ఉంటే, గుమాస్తా ఎర్ర అట్ట పుస్తకం తీసి చేత్తో పట్టీలు రాసి ఇచ్చాడు. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు. నిపుణుల గదుల్లో, నిలకడైన కరెంటు మీద నడవడానికి తయారైన వ్యవస్థ తవుడు దుమ్ములోకి, కోతల కరెంటులోకి వచ్చిందన్న సంగతిని మేమెవరమూ పట్టించుకోలేదు. కంప్యూటర్లను కలిపిన అప్పటి సన్నని కోయాక్సియల్ కేబుల్ కూడా అటువంటిదే: ఒక టీ కనెక్టర్ వదులైతే నాలుగు కంప్యూటర్లూ ఒకేసారి ఆగిపోయేవి, ఎక్కడ వదులైందో ఒక్కొక్కటీ తడిమి వెతకవలసి వచ్చేది.

ఇంత గట్టి నెట్‌వేర్ ఎందుకు పోయింది? ఫైళ్లు అందించడంలో దాన్ని ఎవరూ ఓడించలేదు. వ్యాపారాలకు కావలసిన పని మారిపోయింది. ఫైలు మొత్తాన్ని కేబుల్ మీదుగా లాక్కొని, తమకు కావలసిన నాలుగు రికార్డులు వెతుక్కునే పద్ధతి పోయి, సర్వర్ మీదే డేటాబేస్ నడిచి సమాధానం మాత్రమే పంపే పద్ధతి వచ్చింది. అలాంటి ప్రోగ్రాంలకు నెట్‌వేర్ ఇరుకైన ఇల్లు. దాని మీద నడిచే ఎన్‌ఎల్‌ఎం మాడ్యూళ్లు (ప్రోగ్రాంలు) సాధారణంగా కెర్నల్‌తో, అంటే ఓఎస్ గుండెకాయతో, ఒకే మెమరీని పంచుకునేవి కాబట్టి, ఒకటి తప్పు చేస్తే సర్వర్ మొత్తం కూలేది. పైగా ప్రపంచం ఇంటర్నెట్ భాష అయిన టీసీపీ/ఐపీ వైపు వెళ్తుంటే, నెట్‌వేర్ తన సొంత ఐపీఎక్స్ భాషనే ప్రధానంగా పట్టుకొని, 1998లో వచ్చిన 5వ వెర్షన్‌లో గాని పూర్తిగా మారలేదు.

అప్పటికి విండోస్ ఎన్‌టీ స్థిరపడింది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో వీఎంఎస్ అనే ఓఎస్ నిర్మాణానికి నాయకత్వం వహించిన డేవ్ కట్లర్ 1988లో మైక్రోసాఫ్ట్‌లో చేరి రూపొందించిన ఎన్‌టీ 1993లో విడుదలైంది. వీఎంఎస్ మనకు తెలియని పేరు కావచ్చు గాని దూరపుది కాదు; 1994లో సికింద్రాబాద్‌లో మొదలైన రైల్వే రిజర్వేషన్ సాఫ్ట్‌వేర్ కాన్సర్ట్ దాని మీదే నడిచింది. నల్గొండ స్టేషన్ కిటికీ దగ్గర టికెట్ తీసుకున్న మనిషికి ఒక కట్లర్ వ్యవస్థ, క్లాక్‌టవర్ సెంటర్ బట్టల షాపులో బిల్లు తీసుకున్న మనిషికి ఇంకొక కట్లర్ వ్యవస్థ సేవ చేశాయని అనుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటగా ఉంటుంది.

ఎన్‌టీ 4.0 మన జిల్లాల్లోకి రావడానికి కారణం మాత్రం కట్లర్ ప్రతిభ కాదు. 1996లో వచ్చిన ఆ వెర్షన్ ముఖం విండోస్ 95 ముఖమే. గుమాస్తాకు తెలిసిన స్టార్ట్ బటనే సర్వర్ మీదా ఉంది. అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఇన్‌స్టిట్యూట్ల బోర్డుల మీద సీఎన్‌ఈ (నోవెల్ సర్టిఫికెట్) అనే అక్షరాలు తగ్గి ఎంసీఎస్‌ఈ (మైక్రోసాఫ్ట్ సర్టిఫికెట్) అనే అక్షరాలు పెరిగిన ఏడాదిలోనే ఇక్కడి సర్వర్ల భవిష్యత్తు తేలిపోయిందని నేను గట్టిగా నమ్ముతాను. దేవరకొండ నుంచో కల్వకుర్తి నుంచో బస్సెక్కి వెళ్లిన కుర్రవాడు నాలుగు నెలలు అక్కడ గదిలో ఉండి ఏది నేర్చుకొస్తే, మన మిల్లులకు, ఆసుపత్రులకు, కాలేజీలకు అదే వచ్చింది. పత్రికల్లో వచ్చిన వేగపు పోలికలు మా దగ్గర ఎవరూ చదవలేదు.

నిజానికి చాలా షాపులు సర్వర్ ఓఎస్ కొననే లేదు. విండోస్ ఎక్స్‌పీ ప్రొఫెషనల్ ఉన్న కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్‌ను షేర్ చేసి, ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్ డేటా అందులో పెట్టి, దాన్నే సర్వర్ అన్నారు. ఎక్స్‌పీ ఏకకాలంలో 10 కనెక్షన్లకు మించి ఒప్పుకోదు. షాపు పెరిగి ఆ అంకె దాటిన రోజునే సర్వర్ అనే మాటకు అర్థం వెతికేవారు. లైసెన్సు లేని ప్రతులు వాడినవారు పట్టుబడతామన్న భయంతో అప్‌డేట్లు ఆపేసేవారు. నెట్‌వేర్ కాలంలో అలాంటి నిర్లక్ష్యం చెల్లింది, ఎందుకంటే ఆ పెట్టె బయటి ప్రపంచాన్ని చూడలేదు. 2017 జులై 1న జీఎస్టీ వచ్చి లెక్కల కంప్యూటర్‌ను ఇంటర్నెట్‌కు కట్టేసింది. దానికి ముందే, మే నెలలో, ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వైరస్ దాడి జరిగింది. అది వాడుకున్న లోపానికి, మద్దతు ఉన్న విండోస్ వెర్షన్లకు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ (లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. ప్యాచ్ వేసుకున్నవారికి ఆ దారి మూసుకుపోయింది. వేసుకోనివారి ఫైళ్లకు తాళం పడింది.

లినక్స్ ఈ వరుసలో వేరుగా నిలుస్తుంది. 1991 ఆగస్టులో లైనస్ టోర్వాల్డ్స్ ప్రకటించిన ఆ కెర్నల్ ఈనాడు క్లౌడ్‌కు, అంటే ఇంటర్నెట్ మీదుగా సర్వర్లను అద్దెకిచ్చే డేటా సెంటర్లకు, పునాది. 1992 నుంచి రూపుదిద్దుకున్న సాంబా అనే సాఫ్ట్‌వేర్ వల్ల లినక్స్ పెట్టె విండోస్ ఫైల్ సర్వర్‌లా నటించగలదు. నేను రెండు చోట్ల అలా పెట్టాను, ఏళ్ల తరబడి నడిచాయి. అయినా మిల్లులోకి అది వేళ్లూనలేదు, ఎందుకంటే ట్యాలీకి విండోస్ కావాలి, కాటా సాఫ్ట్‌వేర్‌కు విండోస్ కావాలి. ఉచితం అన్న మాటను కూడా జాగ్రత్తగా తీసుకోవాలి. 2029 దాకా ఉంటుందనుకున్న సెంటాస్ 8 అనే ఉచిత లినక్స్ వెర్షన్‌ను 2021 డిసెంబరు 31తో ఆపేస్తామని 2020 డిసెంబరులో ప్రకటించినప్పుడు, దాని మీద పరీక్షల విభాగాన్నో ల్యాబ్ రిపోర్టులనో నడుపుతున్న వారికి మిగిలిన గడువు ఏడాది. రాకీ, ఆల్మా లాంటి ఇతర ఉచిత లినక్స్‌లు త్వరగా వచ్చి ఆదుకున్నాయి గాని, డబ్బు చెల్లించినా చెల్లించకపోయినా గడువు పెట్టేది ఎదుటివారేనని ఆ సంఘటన తేల్చింది.

ఇప్పుడు సర్వర్ ఆఫీసు మూల నుంచే వెళ్లిపోతోంది. అమెజాన్ హైదరాబాద్ క్లౌడ్ రీజియన్ 2022 నవంబరులో మొదలైంది. దాని డేటా సెంటర్లకు చోటిచ్చిన చందన్‌వెల్లి, మీర్‌ఖాన్‌పేట రంగారెడ్డి జిల్లా ఊళ్లే. కరెంటు కోత, ఎలుకలు, తవుడు దుమ్ము, ఈ మూడింటి బెడదా అక్కడ ఉండదు కాబట్టి చాలా వ్యాపారాలకు అది మేలే చేస్తుంది. అయితే ఆధారపడటం తగ్గలేదు, దాని చిరునామా మారింది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా సంస్థ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్ ప్రపంచవ్యాప్తంగా 85 లక్షల విండోస్ కంప్యూటర్లను కూల్చింది. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. ఆ ఫొటో చూడగానే నాకు మిల్లు గుమాస్తా ఎర్ర అట్ట పుస్తకం గుర్తొచ్చింది.

మిర్యాలగూడ పెట్టె సంగతి చెప్పి ముగించాలి. దాన్ని తీసేసేటప్పుడు డిస్కులోని ఫైళ్లన్నీ సీడీకి ఎక్కించి యజమానికి ఇచ్చాను. చాలా ఏళ్ల తరువాత ఒక భూమి తగాదాలో పాత కొనుగోళ్ల వివరం కావలసి, ఆ సీడీ తెచ్చారు. 1998 నాటి డీబీఎఫ్ (ఫాక్స్‌ప్రో) ఫైలు లిబ్రేఆఫీస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో నేరుగా తెరుచుకుంది: రైతు పేరు, ఊరు, బస్తాలు, తేమ శాతం, ధర, అన్నీ ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో, ఒక్క అంకె చెదరకుండా. డీబీఎఫ్ నిర్మాణం సరళమైనది, అందరికీ తెలిసినది. అదే మిల్లు ఆ తరువాత ఎంతో ఖరీదు పెట్టి కొన్న ఇంకొక బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ లెక్కలు మాత్రం తెరవలేకపోయాము. లైసెన్సును సరిచూసే అమ్మినవారి యాక్టివేషన్ సర్వర్ మూతపడింది, డేటా వారి సొంత పద్ధతిలో తాళం వేసి ఉంది. నెట్‌వేర్ కాలం తీరిపోయినా దాని మీది లెక్క బతికింది. విండోస్ ఇంకా బతికే ఉన్నా దాని మీది లెక్క పోయింది. అందుకే సర్వర్ కొత్తది పెట్టించుకునే ప్రతి యజమానినీ నేను ఇప్పుడు మొదట అడిగేది ఏ ఓఎస్ అని కాదు, ఏడాది లెక్క మొత్తం సీఎస్‌వీగా (ఎందులోనైనా తెరుచుకునే సాదా పట్టిక ఫైలుగా) బయటికి తీసి చూపించమని.

విండోస్ సర్వర్ 2012కు మద్దతు 2023 అక్టోబరు 10న ఆగిపోయింది. 2016 వెర్షన్‌కు 2027 జనవరి 12తో గడువు తీరుతుంది. జనవరి అంటే వానాకాలం వడ్లు మర ఆడించి బియ్యం అప్పగించే హడావుడి. ఆ వెర్షన్ మీద నడుస్తున్న మిల్లులు మార్పిడి పనిని దానికి ముందు వచ్చే ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో, కాటా ఖాళీగా ఉన్నప్పుడే ముగించుకోవాలి. పాత పెట్టెను మాత్రం యాసంగి లెక్క కూడా కొత్తదానిలో సరిపోయేదాకా తీసేయకూడదు.