కాలికి కొలత తీస్తాం, కంప్యూటర్‌కి ఎందుకు తీయం?

కృత్రిమ కాలును ఎవరూ అల్మరాలోంచి తీసి ఇచ్చేయరు. కొలత తీసి, అచ్చు పోసి, తొడిగి నాలుగడుగులు వేయించి, ఒరుసుకున్న చోట అరగదీసి మళ్లీ తొడుగుతారు. కృత్రిమ కాళ్లు అమర్చే బర్డ్ ఆస్పత్రి ఉన్న తిరుపతిలో ఈ పనికి ఎంత ఓపిక కావాలో కొత్తగా చెప్పనక్కర్లేదు. అదే, మెడ కింద కదలిక పోయిన మనిషికి కంప్యూటర్ అనేసరికి మన ఆలోచన ల్యాప్‌టాప్ చేతికివ్వడంతో ఆగిపోతుంది. చేతులే పనిచేయని వాళ్లకు చేతికివ్వడమేమిటన్న ప్రశ్న రాదు. నిజానికి కావలసిన సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం ఉచితమే. కొరతంతా పక్కన కూర్చుని సరిచేసే మనిషిది.

మొదట చూడాల్సింది శరీరాన్ని. మామిడి చెట్టు మీంచో బైకు మీంచో పడి మెడ వెన్నులో సీ-4 దగ్గర, అంటే పైనుంచి నాలుగో మెట్టులో, దెబ్బతింటే సాధారణంగా తల కదలిక, మాట మిగులుతాయి. ఇంకా కిందున్న సీ-6 అయితే మణికట్టు పైకి లేస్తుంది. అరచేతికి పట్టీ కట్టి అందులో పుల్ల బిగిస్తే మామూలు కీబోర్డే చాలు. అలాంటి మనిషికి కెమెరాలు, కంటి చూపుతో బాణాన్ని కదిపే ఐ ట్రాకర్లు అంటగట్టడం డబ్బు దండగ. పసితనంలోనే మెదడు దెబ్బతినడం వల్ల వచ్చే సెరిబ్రల్ పాల్సీలో తల తనంతట ఊగొచ్చు, మాట స్పష్టంగా రాకపోవచ్చు. అక్కడ ఒక్క స్విచ్ మేలు: తెర మీద మీటలు వరుసగా వెలుగుతూ పోతాయి, కావలసినది వెలిగినప్పుడు నొక్కితే చాలు. కండరాలను నడిపే నరాలు క్రమంగా చచ్చిపోయే ఏఎల్ఎస్‌లో చేతులు, మాట పోయాక కూడా కళ్ల కదలిక చాలాకాలం నిలుస్తుంది. అయితే జబ్బు ముదిరే కొద్దీ ఈ ఏడాది కుదిరిన అమరిక వచ్చే ఏడాదికి పనికిరాదు.

తల కదిలేవాళ్లకు ఈవియాకామ్, కెమెరా మౌస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్లున్నాయి. ల్యాప్‌టాప్ కెమెరా ముఖాన్ని పట్టుకుంటుంది, తల తిప్పినవైపు బాణం గుర్తు కదులుతుంది, ఒకచోట కాసేపు ఆగితే క్లిక్ పడుతుంది. చెప్పడానికి ఇంతే. మొదటిరోజే విసిగి వదిలేసేవాళ్లకు ఎదురయ్యే చిక్కులు మాత్రం చాలా చిన్నవి. వెనక కిటికీ ఉంటే ముఖం నీడలా మారి కెమెరా పట్టు తప్పుతుంది, కాబట్టి వెలుతురు ముందునుంచి పడాలి. ట్యూబ్‌లైట్ కింద చిత్రంలో చారలు పాకుతుంటే కెమెరా సెట్టింగుల్లో ఫ్రీక్వెన్సీని 50 హెర్ట్జ్‌కి మార్చాలి. కెమెరా కళ్ల ఎత్తులో, ముఖానికి రెండడుగుల దూరంలో ఉండాలి. మంచంలో వాలి పడుకున్న మనిషికైతే ల్యాప్‌టాప్‌నీ అంతే వాలుగా బిగించాలి. మెడ పైకీ కిందికీ తక్కువ తిరుగుతుంది కనుక నిలువు వేగం అడ్డం వేగం కంటే కాస్త ఎక్కువ పెట్టాలి. క్లిక్‌కి ఆగే సమయం మొదట్లో ఒక సెకను ఉంచి, అలవాటయ్యాక తగ్గించాలి. తొందరపడి అర సెకనుకు దించితే చూసిన ప్రతిచోటా క్లిక్ పడి తెర నిండా విండోలు తెరుచుకుంటాయి.

ఇంకో చిక్కు ఎవరూ ముందుగా చెప్పరు. ఏదైనా ఇన్‌స్టాల్ చేయబోతే విండోస్ తెరను మసకబరిచి అనుమతి అడుగుతుంది. ఆ మసక తెర మీద తల కదలికకు బాణం స్పందించదు, ఎవరో వచ్చి మౌస్ పట్టుకోవాల్సిందే. ఈ అనుమతిని అడిగే యూఏసీ సెట్టింగును ఒక మెట్టు దించితే తెర మసకబారదు. భద్రత కొంత తగ్గుతుంది కాబట్టి ఆ నిర్ణయం వాడే మనిషిదే కావాలి.

మాట బాగున్నవాళ్లకు విండోస్ 11లో మాటతోనే కంప్యూటర్‌ను నడిపే వాయిస్ యాక్సెస్ వచ్చింది. భాష ఫైలు ఒకసారి దిగితే ఇంటర్నెట్ లేకుండానే నడుస్తుంది. 'షో నంబర్స్' అంటే తెర మీది ప్రతి బటన్‌కీ ఒక అంకె పడుతుంది, ఆ అంకె పలికితే చాలు. భారతీయ ఇంగ్లిష్ ఉంది గానీ తెలుగు లేదు. వెబ్‌సైట్‌లో 'సమర్పించండి' అన్న బటన్‌ను పేరుతో పిలవడం కుదరదు, అంకెతోనే నొక్కాలి. తెలుగు రాతకు గూగుల్ డాక్స్‌లో వాయిస్ టైపింగ్ పనికొస్తుంది. అది మొదలుపెట్టే ముందు వాయిస్ యాక్సెస్‌ను నిద్రపుచ్చాలి, లేకపోతే రెండూ ఒకే మైకు వింటూ తెలుగు మాటలకు ఇంగ్లిష్ అక్షరాలు కలిపి కలగాపులగం చేస్తాయి. సీలింగ్ ఫ్యాన్ మోతలో ల్యాప్‌టాప్ మైకు కంటే నోటి దగ్గరుండే హెడ్‌సెట్ నయం.

తెర మీది కీబోర్డుతో తెలుగు టైపు చేయడం ఎంత భారమో లెక్క వేస్తే తెలుస్తుంది. భారతీయ భాషల కీబోర్డు అమరిక ఇన్‌స్క్రిప్ట్‌లో 'చిత్తూరు'కు 8 మీటలు. 'శ్రీకాళహస్తి'కి 12, పైగా శ, ళ కోసం షిఫ్ట్ రెండుసార్లు, మొత్తం 14. ఒక్కో మీట వెతకడానికి ఒక సెకను, దాని మీద ఆగడానికి ఒక సెకను వేసుకుంటే ఊరి పేరుకే 28 సెకన్లు. మాటకు సగటున 9 మీటలనుకుంటే 300 మాటల జవాబు గంటన్నర పడుతుంది. పరీక్షల్లో దివ్యాంగులకు అదనంగా ఇచ్చేది గంటకు 20 నిమిషాలు. లేఖకుడి సాయంతో రాసేవాళ్లకు అది సరిపోవచ్చు. సొంతంగా కంప్యూటర్ మీద రాస్తాననే విద్యార్థికి ఆ లెక్క ఏ మూలకూ రాదు.

స్విచ్ సంగతి మరీ చవక. ప్రో మైక్రో లాంటి, ప్రోగ్రామ్ రాసి నడిపే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు యూఎస్‌బీలో కీబోర్డులా కనిపిస్తుంది, పాత ఊనో (ఆర్3) బోర్డు నేరుగా అలా పనిచేయదు. ఒక పిన్‌కీ గ్రౌండ్‌కీ మధ్య బటన్ కలిపి, నొక్కితే స్పేస్ పంపేలా పది పదిహేను వరుసల ప్రోగ్రామ్ రాస్తే, విండోస్ తెర మీది కీబోర్డులో మీటలు వరుసగా వెలిగే స్కానింగ్‌కి సరిపోతుంది. కండరాలు బిగుసుకునేవాళ్లకు 300 మిల్లీసెకన్లు నొక్కి ఉంచితేనే లెక్కలోకి వచ్చేలా పెట్టాలి. బటన్‌ను బలమైన కదలిక ఉన్నచోట కాకుండా, ప్రతిసారీ ఒకేలా వచ్చే కదలిక దగ్గర పెట్టాలి. చెంపైనా సరే, మోకాలైనా సరే. ఇంజినీరింగ్ విద్యార్థులు ఒక మధ్యాహ్నంలో చేసే పని ఇది. ఐ ట్రాకర్ల ధర అందరికీ అందేది కాదు. ఐఫోన్ 12, ఆపై మోడళ్లలో 2024 నుంచి ఆ సదుపాయం లోపలే ఉంది, కానీ ఫోనే ఖరీదు.

ఇంత చేసినా వెబ్‌సైట్ సహకరించాలి. టీటీడీ వృద్ధులకు, దివ్యాంగులకు ఆన్‌లైన్‌లో ప్రత్యేక దర్శన కోటా విడుదల చేస్తుంది. విడుదలైన కాసేపటికే టికెట్లు అయిపోయే పోటీలో చేతివేళ్లు కదిలే వారితో సెకనుకో క్లిక్ పడే మనిషి పరుగు పెట్టాలి. వెబ్‌సైట్లు దివ్యాంగులకూ అందాలని రాసిన అంతర్జాతీయ డబ్ల్యూసీఏజీ ప్రమాణాలు సమయ పరిమితిని పొడిగించుకునే వీలుండాలంటాయి, 2.2 రూపం బటన్ కనీసం 24 పిక్సెళ్లుండాలంటుంది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తేల్చింది. పోటీ పడాల్సిన అవసరమే లేకుండా, వారం రోజులు దరఖాస్తులు తీసుకుని డిప్ (లాటరీ) వేస్తే వేగం ప్రసక్తే రాదు. సేవా టికెట్లకు ఆ పద్ధతి టీటీడీకి తెలియనిదేమీ కాదు.

కాళ్లు అమర్చే చోటే కంప్యూటర్ అమరికకూ ఒక బల్ల, ఇద్దరు టెక్నీషియన్లు ఉంటే మొదలుపెట్టొచ్చు. ఏర్పేడు ఐఐటీ, నగరంలోని కాలేజీలు స్విచ్‌లు చేసిపెట్టగలవు. పరికరం ఇచ్చిన రోజుతో పని అయిపోదు. దిండు మారినా, మంచం జరిగినా స్విచ్ అందదు, కెమెరా ముఖాన్ని వదిలేస్తుంది. మూడో రోజు, రెండో వారం, రెండో నెల మళ్లీ చూడాలి. దానికోసం సీ-4 దెబ్బ తగిలిన మనిషిని కుప్పం నుంచి తిరుపతికి వీల్‌చైర్‌లో తిప్పడం కంటే, టెక్నీషియనే సంచి భుజాన వేసుకుని బస్సెక్కడం తేలిక.