ఫాతిమా అంటే అర్థం యాప్ చెప్పాలా?

మా అన్నకి కూతురు పుట్టింది. "నానమ్మ పేరు పెడదాం, ఫాతిమా" అని అన్న నోరు తెరిచాడో లేదో, వదిన వాళ్ల చెల్లెలు ఫోన్ తీసింది. పిల్లల పేర్ల యాప్ అట. "ఫాతిమా అంటే పాలు మాన్పించేది అంటండీ" అని చదివి ఒకటే నవ్వు. పక్కనున్నవాళ్లూ నవ్వారు. "ఇంకేదైనా స్టైల్‌గా, మీనింగ్ ఉన్నది చూద్దాం" అట. మీనింగ్ ఉన్నది!

అదే గదిలో మంచం మీద కూర్చుని నానమ్మ వక్కపొడి నములుతోంది. చెవులు సరిగ్గా వినపడవు. "ఏంటే అంత నవ్వులు?" అని నన్నే అడిగింది. ఏం లేదులే అన్నాను. ఇంటికొచ్చాక కూడా ఒళ్లు మండుతూనే ఉంది, అందుకే ఈ పోస్ట్.

ఆ యాప్‌లో ఇంకా ఏముందో తెలుసా? ఫాతిమా: ధనూ రాశి, పూర్వాషాఢ నక్షత్రం, లక్కీ నంబర్, లక్కీ రాయి. పూర్వాషాఢకి 'ఫా' అక్షరం వస్తుంది కదా, అదీ లాజిక్కు. పద్నాలుగు వందల ఏళ్ల కిందట ఎవరో సిద్ధాంతిగారు పంచాంగం చంకన పెట్టుకుని ఒంటె మీద మక్కా వెళ్లి పేరు పెట్టొచ్చారన్నమాట. దాన్ని నమ్మి మా నానమ్మ పేరుకి మార్కులు వేస్తున్నారు.

సరే, అర్థమే కదా కావాలి. అవును, ఫాతిమా అంటే పాలు మాన్పించేది అనే. అరబ్బీలో ఫితామ్ అంటే బిడ్డ చేత పాలు మాన్పించడం, దాంట్లోంచే వచ్చింది. అయితే ఏంటి? తల్లి పూర్తిగా రెండేళ్లు పాలివ్వడం గురించి ఖురాన్‌లో రెండో సూరాలోనే, అంటే రెండో అధ్యాయంలోనే ఉంది. ఆ ఎండల్లో, ఆ ఇసుకలో బిడ్డ పాలు మానే వయసుకొచ్చిందంటే గండం గట్టెక్కినట్టే. ఆడపిల్లకి అంతకన్నా మంచి దీవెన ఏముంది? నరకాగ్ని నుంచి దూరం చేయబడినది అని పెద్దవాళ్లు చెప్పే అర్థం ఇంకొకటి ఉంది. అది ఆ నవ్వే బ్యాచ్‌కి చెప్పినా ఎక్కదు.

"నానమ్మల పేర్లు పెడితే స్కూల్లో ఏడిపిస్తారు" అంది వదిన. వదినా, ముహమ్మద్ ప్రవక్త (స) గారి నానమ్మ పేరు ఫాతిమా బింత్ అమ్ర్. ప్రవక్త భార్య ఖదీజా గారి తల్లి ఫాతిమా. ప్రవక్త అల్లుడు అలీ గారి తల్లి కూడా ఫాతిమానే. అంటే ఖదీజా గారికి పుట్టిన ప్రవక్త కూతురు ఫాతిమాది వాళ్ల అమ్మమ్మ పేరే. ఆవిడకి లేని నామోషీ మన పిల్లకి వచ్చిందా?

ఇంతకీ వాళ్లు వెతికిన స్టైల్ పేరేంటో చెప్పలేదు కదూ. జోయా! "ప్యూర్ అరబిక్ నేమ్" అట. అమ్మా తల్లీ, అది రష్యన్ పేరు, గ్రీకు నుంచి వచ్చింది, జీవం అని అర్థం. మా నాన్నకి తెలిసిన జోయా యుద్ధంలో తమకి ఎదురు తిరిగిందని 1941లో జర్మన్లు ఉరితీసిన సోవియట్ పిల్ల, పద్దెనిమిదేళ్లది. ఆ జోయా పేరు పెడతామంటే నేనే స్వీట్లు పంచుతా. కానీ వీళ్లకి జోయా అంటే సీరియల్లో హీరోయిన్ చెల్లెలు. జీవం అన్న అర్థమే కావాలనుకుంటే అరబ్బీలో నిక్షేపంలాంటి ఆయేషా ఉంది. అదీ పాతదేనట!

కాజీపేటలో ఫాతిమానగర్ ఉంది, అక్కడ కెథెడ్రల్, అంటే పెద్ద చర్చి ఉంది. పోర్చుగల్‌లో ఫాతిమా అనే ఊళ్లో 1917లో ముగ్గురు పశువుల కాపరి పిల్లలకి మరియమ్మ కనపడిందని చెబుతారు, ఆ పేరు మీద కట్టింది. ఆ ఊరి పేరు ముస్లింల కాలం నాటిది. క్రైస్తవులు గుడికి పెట్టుకున్న పేరు మా ఇంట్లో వాళ్లకి నవ్వొచ్చింది, చూడండి. 1989లో సుప్రీంకోర్టుకి మొట్టమొదటి మహిళా జడ్జి అయిన ఫాతిమా బీవీ గారిని ఎవరైనా "మేడం, మీ పేరుకి మీనింగ్ ఏంటి" అని అడిగి ఉంటారా?

అసలు ఈ పేరుతో మాకు బయట పడే తిప్పలు చాలవా? బయటివాళ్లు "ఫాతిమా మనవరాలివా? తెలుగు భలే మాట్లాడతావే!" అంటారు. నరసరావుపేటలో పుట్టి తెలుగు కాక జపనీస్ మాట్లాడతానా?

నానమ్మ పెన్షన్ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బీపీ పెరుగుతుంది. ఆధార్‌లో ఫాతిమాబీ, రేషన్ కార్డులో పాతిమ్మ. ఇంగ్లిష్‌లో ఒకచోట టీ తర్వాత హెచ్ ఉంది, ఇంకోచోట లేదు. ఒక ఆఫీసులో కుర్రాడు 'బీ' ని ఇంటిపేరు అనుకుని ముందుకు జరిపి బి.ఫాతిమా చేశాడు. బాబూ, బీ అంటే బీబీ, గౌరవంగా అనేది, ఇంటిపేరు షేక్ అని చెబితే, "అయితే తేనెటీగ స్పెల్లింగ్ వెయ్యనా?" అని పక్కవాడి వంక చూసి నవ్వాడు. వేశాడు కూడా! ఇప్పుడు మా నానమ్మ రికార్డుల్లో ముగ్గురు మనుషులు. ఆ ముగ్గురూ ఒక్కరేనని నోటరీతో అఫిడవిట్ తెమ్మన్నారు. ఎనభై దాటిన మనిషిని, నడవలేని మనిషిని, నువ్వు నువ్వేనని రుజువు చేసుకోమన్నారు! ఎదురుగానే కుర్చీలో కూర్చుని ఉంది, వేలిముద్ర కూడా వేసింది.

కింద "ఇప్పుడు అంతా ఆన్‌లైన్ అక్కా, రెండు నిమిషాల పని" అని కామెంట్ పెట్టబోయే తమ్ముళ్లకి: ఫైలు ఇంకా అక్కడే ఉంది. అడ్రస్ ఇన్‌బాక్స్‌లో పెడతా, మీరే వెళ్లి ఆ రెండు నిమిషాల్లో చేయించుకురండి.