ఆరు దీపాల హారతి

బెంగళూరులో ఈమధ్య కొత్త క్షేత్రాలు వెలుస్తున్నాయి. వైట్‌ఫీల్డ్ నుంచి సర్జాపూర్ రోడ్డు దాకా ఎక్కడ రేకుల షెడ్డు లేచినా లోపల బ్యాడ్మింటన్ కోర్టులు, పచ్చటి మ్యాటు, మ్యాటు మీద ఆరు దీపాలు. నూనె, వత్తి ఉండవు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ బిళ్లలు, పేరు పాడ్లు, బ్లూటూత్‌తో ట్యాబ్లెట్‌కి ముడిపడి ఉంటాయి. ఒకటి వెలగ్గానే పిల్లవాడు పరుగెత్తి దాని మీద చెయ్యి తిప్పాలి. అది ఆరి ఇంకో మూల ఇంకొకటి వెలుగుతుంది. దీన్ని ఎజిలిటీ ట్రైనింగ్, అంటే చురుగ్గా కదలడం నేర్పే సాధన, అంటారట. చూసేవాళ్లకు హారతి కళ్లకద్దుకుంటున్నట్టే ఉంటుంది. అరనిమిషంలో పద్నాలుగు హారతులు తీసుకున్నవాడు చురుకు, పదకొండు తీసుకున్నవాడు మొద్దు. ఆఖర్న ప్రసాదంగా నాలుగు పేజీల పీడీఎఫ్.

శనివారం పొద్దున ఈ సేవ కన్నులపండువగా జరుగుతుంది. గుంటూరు నుంచి వచ్చి సాఫ్ట్‌వేర్‌లో స్థిరపడిన తండ్రి ట్యాబ్లెట్ పట్టుకుని ప్రధాన అర్చకుడిలా నిలబడతాడు. తొమ్మిదేళ్ల కొడుకు వెనక మూలకు దూసుకెళతాడు. వెనక మూలలో షటిల్‌ని ఎక్కడ కొడతారు? తలపైన, చెయ్యి బారుగా చాపి. దీపం ఎక్కడుంది? నేల మీద. కాబట్టి మన వీరుడు రాకెట్ చంకలో ఇరికించుకుని, నడుం వంచి, నేల తడిమి లేస్తాడు. ఏడాదిపాటు ఇలా సాధన చేసినవాడు మ్యాచిలో క్లియర్, అంటే అవతలి వెనక గీత దాకా ఎత్తుగా సాగే దెబ్బ, కొట్టాల్సి వస్తే, షటిల్ కింద పడేదాకా ఓపిక పట్టి ఏరుకుంటాడు కాబోలు. ఈలోగా నాలుగో దీపం అలుగుతుంది.

"ఒరేయ్, నాలుగోది మిస్సయ్యావు!"

"కాదు నాన్నా, చెయ్యి పెట్టినా ఆరట్లేదు."

"బ్లూటూత్ సార్, ఒక్క నిమిషం," అంటాడు కోచ్.

బ్లూటూత్ పాపం ఏమీ లేదు. రేకుల సందులోంచి ఎండ నేరుగా పడితే, చేతిని పసిగట్టే ఇన్‌ఫ్రారెడ్ సెన్సరు తికమకపడుతుంది. కోచ్ పాడ్‌ని కాలితో రెండడుగులు నీడలోకి, అంటే లోపలికి, నెడతాడు. దూరం తగ్గింది, స్కోరు పెరిగింది, తండ్రి మురిసిపోయి స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టేశాడు. తెనాలిలో తాతయ్య దండం పెట్టాడు.

ఆ స్కోరు సంగతీ చూద్దాం. సింగిల్స్ సగం కోర్టు 5.18 మీటర్ల వెడల్పు, 6.70 మీటర్ల పొడవు. యాప్ తన ఇష్టమొచ్చిన వరసలో వెలిగిస్తుంది. ఈరోజు ముందు మూల నుంచి పక్క మూలకు పంపితే 5.18 మీటర్లు, రేపు ఐమూలగా పంపితే దాదాపు ఎనిమిదిన్నర. రెండు రోజుల లెక్కనూ పక్కపక్కన పెట్టి "6 శాతం క్షీణత" అని ఎర్రబాణం గీస్తారు. ఊరి నడిబొడ్డున మెజెస్టిక్‌కి వెళ్లిన ఆటోనీ ఊరి చివర యలహంకకి వెళ్లిన ఆటోనీ పోల్చి డ్రైవరు బద్ధకస్తుడని తేల్చడమే ఇది. మందు చాలా చవక: నడిమధ్యలో మరో పాడ్ పెట్టి, ప్రతిసారీ దాన్ని ఆర్పాకే తర్వాతిది వెలిగేలా సెట్ చేస్తే, ఏ మూలకైనా నాలుగుంపావు మీటర్లే. బేస్‌కి, అంటే ఆ నడిమధ్యకు, తిరిగి రావడం కూడా అలవాటవుతుంది. వెనక పాడ్లను స్టాండ్లకు, రాకెట్ అందే ఎత్తులో కట్టాలి. వరస ముందే చెప్పి ఒకసారి, చెప్పకుండా ఒకసారి పరుగెత్తించాలి. రెండు టైములకూ ఉన్న తేడాయే, కన్ను చూసి బుర్ర తేల్చుకోవడానికి పట్టిన సమయం. అసలు కొలవాల్సింది అదే. పీడీఎఫ్‌లో లేనిదీ అదే.

అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో గంటకు 565 కిలోమీటర్ల స్మాష్‌తో గిన్నిస్‌కెక్కాడు. అలాంటి చేతికి ఎదురు నిలిచేవాడు షటిల్ బయల్దేరాక మేలుకుంటే ఇంటికే. భుజం తిరిగిన తీరు, రాకెట్ ముఖం చూసి, అవతలివాడు కొట్టే వేళకు స్ప్లిట్ స్టెప్, అంటే కాళ్లు ఎడంగా పెట్టి చిన్న గెంతు, వేసి కాళ్లు సిద్ధంగా ఉండాలి. దీపానికి భుజం లేదు. స్మాష్‌కి చెయ్యెత్తి నెట్ పక్కన మెత్తగా జారవిడిచే దీపం ఇంకా బజారుకు రాలేదు. పోనీ నెట్ అవతల కంటి ఎత్తున స్క్రీన్ పెట్టి దిక్కు చూపిస్తే తల అయినా పైకి ఉంటుంది. కోపెన్‌హాగన్ పరిశోధకులు 2015లో ప్రకటించిన బ్యాడ్మింటన్ వేగ పరీక్షలో స్క్రీన్ ముందుంది, సెన్సర్లు మూలల్లో ఉన్నాయి. మనవాళ్లు సెన్సర్లు కొన్నారు, బుర్ర మరిచారు.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ ఆ పచ్చ మ్యాటు కింద ఏముందో ఒకసారి ఎత్తి చూడండి. చెక్క ఉండాలి. చాలాచోట్ల ఉన్నది కాంక్రీటు. మడమ, మోకాలి చిప్ప కింది ఎముక ఇంకా ముదరని పదకొండేళ్ల పిల్లని దాని మీద వారానికి ఐదు రోజులు గెంతిస్తారు. ఆ పిల్ల మోకాలి కింద బొడిపెలా వాచి, నొప్పికి కుంటుతుంటే "రియాక్షన్ తగ్గింది, ఎక్స్‌ట్రా సెషన్ తీసుకోండి" అని రిపోర్టు రాస్తారు! అది రియాక్షన్ కాదయ్యా, నొప్పి! ఆ ఏడాది ఆ పిల్ల నాలుగంగుళాలు పొడుగైంది. పొడుగైన కాళ్లు ఇంకా చెప్పిన మాట వినట్లేదు. పక్కింటి పిల్లతో శాతాలు పోల్చడానికి సిగ్గుండాలి. ఎక్కడ నొప్పి అని అడగడానికి ఏ సెన్సరూ అక్కర్లేదు, నోరుంటే చాలు.

రిపోర్టులో ఇరవై రెండు కాలమ్‌లున్నాయి. గ్రిప్ రంగుకు కూడా ఒకటుంది. మోకాలికి లేదు.

తొమ్మిదింటికి సేవ ముగుస్తుంది. బుట్టెడు షటిళ్లు చేత్తో విసిరి, పిల్ల కళ్లు చూసి, వెళ్లబోయే దిక్కుకు ఎదురు మూలకు వేసి ఏడిపించగల మల్టీ షటిల్ కుర్రాడు ఇప్పుడు ఆ ఆరు పాడ్లనూ తుడిచి, సంచిలో వేసి, ఛార్జింగ్‌కి పెడుతున్నాడు. నాలుగోది ఇంకా వెలుగుతూనే ఉంది.