వెయ్యినూటపదహార్లు

మొన్న ఆదివారం జరిగింది. కడుపులో ఇంకా మండుతూనే ఉంది కాబట్టి చల్లారకముందే రాసేస్తున్నాను.

మా ఆవిడ పిన్ని కూతురు కొత్త ఫ్లాటు కొనుక్కుంది. గృహప్రవేశం. అందరూ తెల్లవారుజామునే మా బావమరిది కారులో వెళ్లిపోయారు. కారులో చోటు లేక నేను మిగిలాను. పదకొండున్నరకి ఫోను. "కవరు ఫ్రిజ్ మీద మర్చిపోయాను. భోజనాలు మొదలయ్యేలోపు పట్టుకుని రండి." పాలు పొంగడానికి అక్కర్లేదు, వ్రతానికి అక్కర్లేదు. నేను కావలసింది కవరు మొయ్యడానికి. చెమటకి తడిసిపోతుందని దాన్ని జేబులో పెట్టుకోలేదు. స్కూటరు డిక్కీలో ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ కాగితాలు ఉండే ప్లాస్టిక్ సంచీలో దోపాను. ఇలాంటి తెలివి నాకు ఏడాదికోసారి వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఇలాగే అవుతుంది.

హైదరాబాదులో చౌరస్తాలకి అడ్డంగా సిమెంటు దిమ్మలు పెట్టేసి, ముందుకెళ్లి తిరిగి రమ్మంటున్నారు కదా. ఫ్లాటు రోడ్డుకి అవతలే ఉంది. షామియానా కనబడుతోంది. సాంబారు వాసన కూడా వచ్చిందనే నా నమ్మకం. కానీ అక్కడికి చేరాలంటే కిలోమీటరున్నర ముందుకెళ్లి యూటర్న్ తీసుకుని, ఆ కిలోమీటరున్నరా వెనక్కి రావాలి. ఈ యూటర్న్‌లు ఎక్కడ పెట్టాలో గీతలు గీసిన మహానుభావుడు జన్మలో ఎప్పుడూ విస్తళ్లు వేసే వేళకి స్కూటరు మీద బయల్దేరి ఉండడు. దిమ్మల సందులోంచి దూరి ఓ వంద గజాలు రాంగ్ రూట్‌లో వెళ్లాను. ముందు ఇద్దరు వెళ్లారు, వెనక ముగ్గురు వస్తున్నారు. ఆపింది మాత్రం నన్ను.

"కాగితాలు సార్," అన్నాడు కానిస్టేబులు.

డిజీలాకర్‌లో చూపించినా చెల్లుతుంది. కానీ ఫోనులో నాలుగు శాతమే చార్జింగు ఉంది. అది మా ఆవిడ తరవాతి ఫోనుకి రిజర్వు. అందుకని డిక్కీ తెరిచి సంచీ తీశాను. ఆర్సీ లాగగానే దాంతోపాటు కవరూ జారింది. కింద పడబోతుంటే పట్టుకున్నాను.

ఇక్కడ కాస్త ఆగాలి. తరవాత జరిగిన అనర్థమంతా ఈ ఒక్క సెకనులోనే ఉంది.

నాకు యాభై రెండేళ్లు. ఈ యాభై రెండేళ్లలో ఎన్ని పెళ్లిళ్లకి వెళ్లానో, ఎన్ని ఒడుగులకీ షష్టిపూర్తులకీ కవర్లు ఇచ్చానో లెక్క లేదు. ఎర్రటి కవరు, మీద బంగారు రంగు వినాయకుడు, మూల అంటించిన రూపాయి బిళ్ల, ఇది చేతిలోకి వచ్చిందంటే నా ఒళ్లు నా మాట వినదు. నడుము దానంతటదే పది డిగ్రీలు వంగుతుంది. ఎడం చెయ్యి వచ్చి కుడి చేతి కింద చేరుతుంది. మొహం మీదికి ఓ నవ్వు వస్తుంది. ఆ నవ్వు నాది కాదు, మా నాన్నది. ఆయన కూడా కవరు ఇచ్చేటప్పుడు అలాగే నవ్వేవారు. ఎదురుగా ఉన్నది పెళ్లికూతురా, ట్రాఫిక్ కానిస్టేబులా అని అడగడానికి మధ్యలో బుర్ర ఉండాలి. అది అప్పటికే పంక్తిలో కూర్చుని సాంబారు వడ్డించుకుంటోంది. అందుచేత నడిరోడ్డు మీద, మే నెల ఎండలో, పట్టపగలు, రెండు చేతులా కవరు పట్టుకుని, వంగి, నవ్వుతూ ఆయన ముందు నిలబడ్డాను. అక్షింతలొక్కటే తక్కువ.

ఆయన రెండడుగులు వెనక్కి వేసి చేతులు రెండూ పైకెత్తేశాడు. నా చేతిలో ఉన్నది తుపాకీ అయినా అంత ఎత్తు ఎత్తడు.

"తీస్కోను సార్! నేను తీస్కోను!" అని అరిచాడు. "సార్, ఇటు రండి సార్! ఈయన ఇస్తున్నడు!"

ఫ్లైఓవరు స్తంభం నీడలో నిలబడ్డ ఎస్సైగారు కదిలారు. ఓ హోంగార్డు పరిగెత్తుకొచ్చాడు. నా వెనక రాంగ్ రూట్‌లో వస్తున్న ముగ్గురూ ఇదే అదనని చల్లగా వెళ్లిపోయారు.

"అది లంచం కాదండీ, చదివింపులు," అన్నాను.

"పేరు ఏదైతేనేం సార్," అన్నాడాయన.

అదీ నిజమే. మన భాషలో లంచానికి ఉన్నన్ని ముద్దుపేర్లు దేవుడికి కూడా లేవు. అన్నింట్లోకీ గొప్పది 'మామూలు'. అంటే రోజూ జరిగేదని. పుచ్చుకోవడం మామూలైతే వద్దనడం విడ్డూరమే కదా, దానికి రివార్డు ఉండాల్సిందే. ఆ రివార్డు సంగతి ఆయనే చెప్పాడు. పోయిన నెల ఎవరో కారాయన ఐదొందలు ఇయ్యబోతే తీస్కోలేదట. పెద్దసార్ అందరి ముంగట పిలిచి సర్టిఫికెట్ ఇచ్చి, ఐదొందలు రివార్డు ఇచ్చాడట. సర్వీసు బుక్కులో కూడా ఎక్కిందట. వద్దన్న ఐదొందలూ వచ్చిన ఐదొందలూ సరిగ్గా సరిపోయాయి. చెబుతూ చెబుతూ ఆయన నా కవరు వైపు చూసిన చూపులో ఓ చిన్న కూడిక కనబడింది. కవరు కాస్త మందంగానే ఉంది మరి.

అప్పుడు హోంగార్డు ఫోనులో తను తీసిన వీడియో చూసుకుంటూ నసిగాడు. "అన్నా, ముందుగాలది రాలే. చేతులు లేపిన కాడికెల్లే వచ్చింది."

కానిస్టేబులు మొహం మాడిపోయింది. ఇవ్వడం లేకుండా వద్దనడం ఒక్కటే ఉంటే ఎవరు నమ్ముతారు? ఓ క్షణం ఆలోచించి, నా వైపు తిరిగి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"సార్, ఇంకోసారి ఇయ్యరా?"

నేనేం చెయ్యాలో మీరే చెప్పండి. మనిషి మంచివాడు. లంచం తీసుకోడు. అడిగింది కూడా సొంతానికి కాదు. పైగా కొత్త పెళ్లికొడుకుని ఫోటోగ్రాఫరు 'బాబూ, తాళి ఇంకోసారి పట్టుకో' అంటే కాదంటాడా? "ఇందాకటి లెక్కనే వంగుండ్రి సార్" అన్నాడు. వంగాను. "నవ్విండ్రు గదా" అని హోంగార్డు గుర్తు చేశాడు. నవ్వాను. ఈసారి ఆయన వద్దనడం కూడా బాగా కుదిరింది. గొంతు పెంచి, అరచెయ్యి అడ్డం పెట్టి, కెమెరా వైపు కాస్త తిరిగి మరీ వద్దన్నాడు. మొదటిసారి ఇచ్చినప్పుడు నేను అమాయకుణ్ణి. రెండోసారి ఇచ్చింది మాత్రం ఏ కోర్టులోనైనా లంచమే. వీడియోలో ఉన్నది రెండోదే.

ఎస్సైగారు వచ్చారు. నెమ్మదైన మనిషి. నెమ్మదైన వాళ్లంటేనే నాకు భయం.

"2018లో చట్టం మారింది, తెలుసా? ఇచ్చినవాడిదీ నేరమే. ఏడేళ్ల దాకా పడొచ్చు," అన్నారు. "ఎవరైనా బలవంతం చేస్తే ఇచ్చారనుకోండి, ఏడు రోజుల్లో ఫిర్యాదు చేస్తే మీమీద ఉండదు. మిమ్మల్నెవరైనా బలవంతం చేశారా?"

"మా ఆవిడ," అన్నాను. అబద్ధం కాదు. నేను ఐదువందల పదహార్లు చాలన్నాను. మన గృహప్రవేశానికి వాళ్లు వెయ్యినూటపదహార్లు చదివించారని మా ఆవిడ నోటుబుక్కు తెచ్చి చూపించింది.

"కవరు తెరవండి."

ఎవరూ ముట్టుకోరు. నేను చాపాను, కానిస్టేబులు జరిగాడు. "మూలల మీద పొడి ఉంది సార్" అన్నాడు గుసగుసగా. ఎస్సైగారు కూడా ఓ అడుగు వెనక్కేశారు. నాకు అప్పుడు వెలిగింది. ఏసీబీ వాళ్లు నోట్లకి ఫినాఫ్తలీన్ పొడి రాసి పంపిస్తారు. పుచ్చుకున్నవాడి వేళ్లు సోడియం కార్బొనేటు నీళ్లలో ముంచితే నీళ్లు గులాబీ రంగుకి తిరుగుతాయి. 'చెయ్యి తడపడం' అన్న మాటకి ఆ శాఖ వాళ్లు చెప్పిన కొత్త అర్థం అది. నా కవరు నాలుగు మూలలా ఉన్నది మా ఆవిడ రాసిన పసుపు. "పసుపండీ, కావాలంటే నీళ్లలో ముంచి చూడండి" అనబోయి నాలిక కరుచుకున్నాను. సున్నం నీళ్లలో కలిపితే పారాణి అయ్యేది ఈ పసుపే కదా. ఆ సోడా నీళ్లలోనూ ఎర్రబడుతుంది. శాస్త్రం కూడా నా పక్షాన లేదు.

చివరికి నేనే తెరిచి స్కూటరు సీటు మీద పేర్చాను. రెండు ఐదొందలు, ఓ వంద, ఓ పది, ఓ ఐదు, కవరు మీద రూపాయి బిళ్ల.

"సార్, మీరే ఆలోచించండి. లంచం ఇచ్చేవాడు చివర పదహారు పెడతాడా? రూపాయి బిళ్ల అంటిస్తాడా? 'శుభాకాంక్షలతో' అని రాసి కింద ఇంటిల్లిపాది పేర్లూ వేస్తాడా?"

ఈ వాదన ఎస్సైగారికి నచ్చింది. మొహంలో సగం నవ్వు వచ్చింది. అక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేది. పక్కన కొబ్బరిబోండాల బండి దగ్గర నిలబడ్డ పెద్దమనిషి, అతగాణ్ణి ఎవరూ అడగలేదు, "భక్తితో ఇస్తున్నడేమో సార్" అన్నాడు. జనం నవ్వారు. నలుగురు నవ్వితే పోలీసులు సీరియస్ అవుతారు. "మీ ఆవిడ నంబరు చెప్పండి" అన్నారు ఎస్సైగారు. తన ఫోనులోంచే చేసి స్పీకరు పెట్టారు.

"అమ్మా, ట్రాఫిక్ ఎస్సైని మాట్లాడుతున్నా. మీ వారు ఇక్కడ మావాళ్లకి వెయ్యినూటపదహార్లు ఇస్తున్నారు."

అవతల గిన్నెల చప్పుడు, ఎవరో అప్పడాలు అప్పడాలని అరవడం. మధ్యలోంచి మా ఆవిడ గొంతు, చౌరస్తా అంతటికీ వినబడేలా:

"అయ్యయ్యో, ఆ కవరు వాళ్లకిచ్చేస్తున్నారా? మీకసలు బుద్ధుందా అండీ? అది మనవాళ్లది. వాళ్లకి విడిగా ఓ వంద ఇచ్చి వచ్చెయ్యండి!"

ఎస్సైగారు ఫోను పెట్టేశారు. ఎవరూ ఏమీ అనలేదు. చేతికి వంద ఇస్తే పోయే రోజులు ఎప్పుడో పోయాయనీ, ఇప్పుడు ఫోటో తీస్తే చలానా ఫోనుకే వస్తుందనీ మా ఆవిడకి తెలియదు. ఆవిడ రేట్ల పట్టిక పాతది.

ఆ తరవాత ఏమైందో సరిగ్గా గుర్తులేదు. మొత్తానికి రాంగ్ రూట్ చలానా ఒక్కటీ రాసి పొమ్మన్నారు. బతికానన్న సంతోషంలో నాకు ఆ కానిస్టేబులు మీద నిజంగానే గౌరవం పొంగింది. నాలుగు గంటలుగా ఎండలో నిలబడి ఉన్నాడు. చేతికొచ్చింది వద్దన్నాడు. ఆయనకి శాఖ వాళ్లే రివార్డు ఇవ్వాలా, మనం ఇవ్వకూడదా? పక్క కొట్లో రెండు చల్లటి మజ్జిగ ప్యాకెట్లు కొని తెచ్చి, "మీలాంటివాళ్లు ఉండాలండీ, ఇది మీ నిజాయితీకి" అని చాపాను. రెండు చేతులా. వంగి.

ఆయన నా వైపు చాలాసేపు చూశాడు. "సార్, మళ్లానా?" అన్నాడు. హోంగార్డు ఫోను తీశాడు.

రెండు ప్యాకెట్లూ నేనే తాగాను.

ఆ తరవాత కిలోమీటరున్నర వెళ్లి, యూటర్న్ తీసుకుని, వెనక్కి వచ్చి, ఫ్లాటు చేరేసరికి పెరుగన్నం, మిగిలిన పులిహోర అడుగు ఉన్నాయి. కవరు తీసి గృహిణికి ఇవ్వబోతే ఆవిడ రెండు చేతులూ పైకెత్తింది. నాకు గుండె ఆగినంత పనైంది.

"అయ్యో బావగారూ, కార్డులో వేశాంగా, చదివింపులు స్వీకరించబడవని! మీ ఆశీస్సులు చాలు."

మా ఆవిడ వైపు చూశాను. ఆవిడ స్వీటు డబ్బాలు లెక్కపెట్టుకుంటోంది. "కార్డు మీరూ చూశారుగా" అంది, తలెత్తకుండా.

సాయంత్రం చలానా మెసేజి వచ్చింది. మొత్తం ఎంతో చెప్పను. చివర 35 ఉంది, అది యూజర్ చార్జీలు. చదివింపులకి చివర పదహార్లలాగా చలానాకి చివర ముప్ఫై అయిదు. "ఇప్పుడే కట్టకు బావా" అన్నాడు బావమరిది. వాడికి చలానాల డిస్కౌంటు కూడా ఆషాఢం సేలులాంటిదే. 2022 మార్చిలో టూవీలర్లకి 75 శాతం తగ్గించారు, 2023 డిసెంబరు ఆఖర్లో 80 శాతం తగ్గించారు, మళ్లీ ఇస్తారు, ఆగమన్నాడు. వాడి కారు మీద పదకొండున్నాయి, వాడికేం.

లింకు నొక్కితే ఫోటో తెరుచుకుంది. నంబరు ప్లేటు స్పష్టంగా ఉంది. పక్కన నేను, రెండు చేతులా కవరు పట్టుకుని, వంగి.

బావమరిది రెండు వేళ్లతో ఫోటో పెద్దది చేశాడు.

"బావా, చలానా వేస్తుంటే అంత నవ్వు దేనికి?"