మా సంఘంలో పేదరికం నిర్మూలించబడినది

నర్సాపురానికి కూతవేటు దూరంలో, కాలవ గట్టున ఉన్న మా క్రైస్తవ సంఘంలో డిసెంబరు 20వ తేదీ సాయంత్రం పేదరికం నిర్మూలించబడినదని తెలియజేయడానికి, పేదరిక నిర్మూలన కమిటీ కార్యదర్శిగా ఎంతో సంతోషిస్తున్నాను. ముహూర్తం ఆరు గంటలకే అనుకున్నాం. ముఖ్య అతిథి గారి కారు ఆలస్యం కావడంతో తొమ్మిదిన్నర దాకా పేదరికం కొనసాగింది. ఆ మూడున్నర గంటలూ పేదలు ఎంతో ఓపిగ్గా కూర్చున్నారు. వాళ్లకి అలవాటే.

కార్యక్రమం ఘనంగా జరిగింది. సెమీ క్రిస్మస్ కేకు కోశాం. నలభై చీరలు, ఇరవై దుప్పట్లు పంచాం. లబ్ధిదారుల ఎంపిక దగ్గర మాత్రం కమిటీకి పెద్ద టెన్షన్ వచ్చింది. మా సంఘంలో కూలికి వెళ్లని ఇళ్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతా అందరూ అర్హులే. అర్హులందరినీ పిలిస్తే ఫోటోలో ఇచ్చేవాళ్లు కనబడరు. అందుకని ఫోటోలో పట్టేటంత మంది పేదల్ని ఏకగ్రీవంగా ఎన్నుకున్నాం.

చివరి వరసలో కూర్చునే మామ్మ గారికి వరసగా మూడో ఏడాది చీర వచ్చింది. పక్షపాతం ఏమీ లేదు. ఆవిడ తెల్లజుట్టు ఫ్లెక్సీ మీద బాగా పడుతుంది. ఈసారి చీర అందుకుంటూ, "ఫోటో అయ్యాక మళ్లీ ఇచ్చెయ్యాలా బాబూ?" అని అడిగింది. మైకు ఆన్‌లోనే ఉంది. సౌండ్ సిస్టమ్ కుర్రాడికి మెమో ఇచ్చాం.

మా నిధుల సంగతి కూడా చెప్పాలి, పారదర్శకత ముఖ్యం కదా. పిడికెడు బియ్యం అని మా సంఘాల్లో పాత అలవాటు ఒకటుంది. ఎసట్లో బియ్యం పోసే ముందు ఆడవాళ్లు ఒక పిడికెడు తీసి విడిగా టిన్నులో వేస్తారు. ఆదివారం ఆ టిన్ను కొంగు చాటున పట్టుకొచ్చి చర్చిలో గుమ్మరిస్తారు. పనుల్లేని వారాల్లో ఆ పిడికెడు ఎవరి కంచంలోంచి తగ్గిందో ఎవరూ అడగరు. నాకు తెలుసు, మా అమ్మ కంచంలోంచి తగ్గేది. ఇది కమిటీ నివేదికలో రాయదగ్గ సంగతి కాదు గానీ, చెయ్యి జారి రాసేశాను. ఈ బియ్యం దేవుడిది. ఖర్చు పెట్టే బాధ్యత కమిటీది.

సభలో ముఖ్య అతిథి గారు చరిత్ర గురించి అద్భుతంగా మాట్లాడారు. 1847లో మొదలుపెట్టి 1852కల్లా కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేశాడనీ, ఆ నీళ్లే పది లక్షల ఎకరాల డెల్టాకి ప్రాణమనీ, ఆ మహనీయుడి విగ్రహానికి తాను ఏటా దండ వేస్తాననీ చెప్పారు. చప్పట్లు కొట్టాం. ఆ నీళ్లు ఎవరి చేలకి పారాయన్న మాట ఎవరూ ఎత్తలేదు. నీళ్లు భూమి ఉన్నచోటికే పారతాయి. అది కాటన్ దొర తప్పు కాదు, కాలవ స్వభావం.

మిషనరీల ప్రస్తావన కూడా వచ్చింది. 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి తర్వాత నర్సాపురం ప్రాంతంలో స్థిరపడ్డ ఇద్దరిలో బౌడెన్ రాళ్లు చెక్కే మనిషి, బీర్ చెప్పులు కుట్టే మనిషి. ఆనకట్ట దగ్గర మట్టి మోసే కూలీల మధ్య తిరిగి సువార్త చెప్పారు. వాళ్ల పటాలకి దండలేశాం. అయితే ఇప్పుడు వాళ్లిద్దరూ స్వయంగా వచ్చి కమిటీలో చేరతామంటే కుదరదు. సభ్యత్వానికి కనీసం భీమవరంలో ఒక ప్లాటైనా ఉండాలని రూలు. చెప్పులు కుట్టే ఆయనకి మహా అయితే దుప్పటి ఇవ్వగలం.

ఇక్కడిదాకా అంతా సవ్యంగానే ఉంది. అసలు చిక్కు పంట పండగనాడు వచ్చింది.

పంట పండగంటే మాకు వేలంపాట. అరటిగెలలు, గుమ్మడికాయలు, నాటుకోళ్లు బల్ల మీద పెడతాం. పాటకి వస్తువుతో సంబంధం లేదు. గుమ్మడికాయ పాడినవాడు కొనుక్కునేది గుమ్మడికాయని కాదు, పక్కవాడి ముఖాన్ని. ఆ రోజు పాస్టరు గారికి గొంతు పట్టేస్తే, వాక్యం చెప్పమని సండే స్కూల్ చెప్పే కుర్రాడికి అప్పగించాం. ఎంఎస్‌డబ్ల్యూ చదివాడు, బుద్ధిమంతుడని నమ్మాం. వాడు ముందు బైబిల్లో లేవీయకాండం తీశాడు. చేను కోసేటప్పుడు అంచుల దాకా కోయకూడదు, చేలో రాలిన పరిగె బీదలకి వదిలెయ్యాలి అన్నాడు. రూతు పరిగె ఏరుకుందన్నాడు. ఆమెన్ అన్నాం. పాత నిబంధనే కదా, ఎవరికీ నష్టం లేదు.

అక్కడితో ఆగొచ్చుగా? "మరి మన చేలల్లో పరిగె ఏదండీ? కోత మిషను ఒక్క గింజ వదలడం లేదు. ఊడ్పులకి దిగే మన ఆడవాళ్లకి ఆ చేలే లేవు, రొయ్యల చెరువులయ్యాయి. చెరువులో పరిగె ఎలా ఏరతాం? దూకాలా?" అన్నాడు. ముందు వరసలో ఇద్దరు చెరువుల ఆసాములున్నారు. వాళ్లలో ఒకాయన చర్చి శ్లాబుకి ఇనుము ఇచ్చాడు. కుర్రాడు అది కూడా చూసుకోకుండా కొత్త నిబంధనలో యాకోబు రాసిన పత్రిక అయిదో అధ్యాయానికి దిగిపోయాడు. చేలు కోసినవాళ్ల కూలి ఎగ్గొడితే ఆ కూలే మొర పెడుతుందట. అది చదివేసరికి శ్లాబు లోపలి ఇనుము కూడా కదిలినట్టనిపించింది.

కూడిక అయ్యాక వాణ్ణి కమిటీ పిలిచింది. పెద్దాయన ఎంతో ప్రేమగా, "నాన్నా, నువ్వు చెప్పింది వాక్యమే, కాదనం. కానీ వాక్యంలో రాజకీయం కలిపావు" అన్నారు.

"ఏ ముక్క రాజకీయం అంకుల్?"

"చివర చదివావే, అది."

"అది యాకోబు రాశాడండి."

కమిటీ కాసేపు ఆలోచించి, యాకోబు మీద చర్య తీసుకునే అధికారం తనకి లేదు కాబట్టి కుర్రాణ్ణి సండే స్కూల్ నుంచి క్యారల్స్ విభాగానికి బదిలీ చేసింది.

పోతూ పోతూ వాడు మూడు అర్జీలు బల్ల మీద పెట్టి పోయాడు. వాటి పరిష్కారాన్ని ఇక్కడ నమోదు చేస్తున్నాను.

మొదటిది కౌలు కార్డులది. 2019 చట్టం ప్రకారం కౌలు రైతుకి పదకొండు నెలల సాగు హక్కు కార్డు వస్తుంది, భూమి యజమాని ఒప్పుకుని సంతకం పెడితే. ఆ సంతకం ఆసాములతో సంఘం పెట్టించాలని కోరిక. ముఖ్య అతిథి గారికే ముప్ఫై ఎకరాలు కౌలుకిచ్చిన పొలం ఉంది. అడిగాం. శాలువా కప్పించుకునేటప్పుడు ఎంతో నిటారుగా ఉండే మనిషి, పెన్ను చూడగానే చెయ్యి వణుకుతోందన్నారు. ఆయన ఆరోగ్యం కోసం ప్రత్యేక ప్రార్థన పెట్టాం.

రెండోది కుల ధ్రువపత్రం సంగతి. బాప్తిస్మంతో పాపం పోతుందని మేం బోధిస్తాం. కులం కూడా పోతుందని, హిందువు కానివాడు ఎస్సీ కాడని 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు బోధించింది. 1956లో సిక్కు దళితులకి, 1990లో బౌద్ధ దళితులకి ఆ బోధ సడలించారు గానీ మనకి సడలించలేదు. మతం మారిన ఎస్సీలని రాష్ట్రంలో బీసీ-సీలో వేసి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చారు. ఊళ్లో మాత్రం ఈ ఉత్తర్వు ఇంకా అందినట్టు లేదు. టీ కొట్టు దగ్గర మమ్మల్ని చూసి ఎవరూ "వీళ్ల కులం పోయింది" అనుకోవడం లేదు. 2007లో కేంద్రం వేసిన రంగనాథ్ మిశ్రా కమిషన్ ఆ మతం షరతు తీసెయ్యమంది. 2022లో సుప్రీంకోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి బాలకృష్ణన్ గారితో ఇంకో కమిషన్ వేశారు. మాకంటే నిదానంగా నడిచే కమిటీలు ఢిల్లీలో ఉన్నాయని తెలిసి మా సభ్యులు చాలా ధైర్యం తెచ్చుకున్నారు.

మూడోది సమాధుల స్థలం. మా పల్లెకి శ్మశానం లేదు. కాలవ గట్టునే పూడుస్తాం. వానాకాలంలో రెండడుగులు తవ్వితే నీళ్లు ఊరతాయి. ఆ రకంగా మా డెల్టాలో క్రైస్తవుడికి రెండు బాప్తిస్మాలు, బతికుండగా ఒకటి, పోయాక ఒకటి. సిద్ధాంతపరంగా రెండోది చెల్లదని పాస్టరు గారు స్పష్టం చేశారు. పక్క పల్లె చర్చివాళ్లకి ప్రహరీ కట్టిన శ్మశానం ఉంది. అదే దేవుడు, అదే పుస్తకం, అవే పాటలు, పల్లె మాత్రం వేరు. వాళ్లు మనల్ని రానివ్వరు. మనకి ఉంటే మనమూ వాళ్లని రానివ్వం, ఆ మాట ఒప్పుకోవాలి. పరలోకంలో అందరం ఒక్కటేనని రెండు చర్చిల్లోనూ చెబుతారు కాబట్టి ఈ అర్జీని పరలోకానికి బదిలీ చేశాం.

ఇక డిసెంబరు 31 రాత్రి, కొత్త సంవత్సరం ఆరాధనకి ముందు, ఏడాది లెక్కలు చదివాను. కానుకలు, ఫ్లెక్సీలు, శాలువాలు, చీరలు, సౌండు, అన్నీ సంఘం ఆమోదించింది. పుస్తకం మూసేస్తుంటే చివరి వరసలోంచి మామ్మ గారు లేచారు.

"పిడికిళ్ల లెక్క చదవలేదు బాబూ."

చదివాను. ఏడాదికి వచ్చిన బియ్యం పదకొండు బస్తాలు. పాస్టరు గారింటికి నాలుగు. కమిటీ భోజనాలకి అయిదు. ముఖ్య అతిథి గారి వెంట వచ్చినవాళ్లకి రెండు.

ఆవిడ వేళ్ల మీద కూడుకుంది. నాలుగూ అయిదూ తొమ్మిది, తొమ్మిదీ రెండూ పదకొండు.

"సరిపోయిందిలే" అని కూర్చుంది.

లెక్క సరిపోయిందని సంఘ సభ్యురాలు ఒకరు ధ్రువీకరించినట్టు మినిట్స్‌లో రాసుకున్నాం.