పేరాలో లేనిది మాట్లాడొద్దు

తిరుపతిలో లా ఎంట్రన్స్‌కి చదివే పిల్లలున్న ఇళ్లను ప్రభుత్వం వెంటనే ఆదుకోవాలి. ఆ ఇళ్లలో నోరు విప్పే వీల్లేకుండా పోయింది. "ఎదురింటాయన కొత్త కారు కొన్నాడు, పైసంపాదన బాగా ఉన్నట్టుంది" అని తండ్రి అంటే, "కారు మాత్రమే కనిపిస్తా ఉంది నాయనా, పైసంపాదన నువ్వు ఊహించుకున్నది" అంటోంది కూతురు. ఆ పిల్ల రాయబోయే లా ఎంట్రన్స్ క్లాట్‌లో 120 ప్రశ్నలకు 120 నిమిషాలు, తప్పుకు పావు మార్కు కోత. ఆ కోతే ఇంట్లోనూ పెడితే రాత్రి భోజనాల వేళకు ఆ తండ్రి మైనస్‌లో ఉంటాడు.

దీనికంతా మూలం ఆ పరీక్షలో తర్కాన్ని చూసే లాజికల్ రీజనింగ్ భాగం నియమం: ప్రశ్నతో ఇచ్చిన పేరాలో ఉన్నదే లెక్క, బయట నీకు తెలిసింది పక్కన పెట్టు. బయట తెలిసినవే మాట్లాడి బతికే ఊరిలో ఇదేం న్యాయం?

రక్తసంబంధాల లెక్కే చూడండి. 'లక్ష్మి తల్లికి రాజు ఒక్కగానొక్క తమ్ముడు. రాజు లక్ష్మికి ఏమవుతాడు?' జవాబుల కీలో మేనమామ అని ఉంటుంది. చిత్తూరు వైపు ఏ అవ్వనైనా అడగండి. "పెండ్లికి ముందు అడగతా ఉండావా, పెండ్లయినాకనా?" అంటుంది. నవ్వకండి. 1955 నాటి హిందూ వివాహ చట్టం మేనమామ, మేనకోడలి పెళ్లిని నిషేధిస్తూనే, ఆచారం ఉంటే చేసుకోవచ్చంది. ఆచారం ఉందో లేదో పేరాలో దొరకదు, అవ్వనే అడగాలి. చట్టానికి ఉన్న ఆ వెసులుబాటు చట్టం చదవబోయే పిల్లకు మాత్రం లేదు.

అందుకే ఆప్షన్లలో ఐదోది చేర్చాలని నా మనవి: 'కాణిపాకంలో ప్రమాణం చేస్తే ఒప్పుకుంటాం'. అప్పు ఎగ్గొట్టినవాడికి ఎన్ని లాజిక్కులు చెప్పినా చెవికెక్కవు. వినాయకుడి ముందు నిలబడమంటే మాత్రం దోవలోనే బస్సు దిగి, "వడ్డీ సంగతి చూద్దాంలే అన్నా" అంటాడు. ఇది మోటు పద్ధతేం కాదు. ఎదుటివాడు ఫలానా ప్రమాణం చేసి చెబితే కట్టుబడతానని కోర్టులోనే ఒప్పుకునే వీలు 1873 నాటి ప్రమాణాల చట్టంలో ఉండేది. 1969లో వచ్చిన కొత్త చట్టం దాన్ని వదిలేసింది, ఎందుకో మరి.

2025 క్లాట్ కీ మీద గొడవ ఢిల్లీ హైకోర్టు దాకా పోయింది. ప్రశ్నలు తయారుచేసినవాళ్లను కాణిపాకం పంపి ఉంటే చిత్తూరు నుంచి ఒక్క ఆటో ఖర్చుతో తేలిపోయేది.