టికెట్లు తీశాం సరే, చేపల్ని చూసేదెప్పుడు?

పోయిన వారం మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో చెన్నై ట్రిప్ ప్లాన్ పడింది. రెండు కుటుంబాలు, నలుగురు పిల్లలు, ఒక అమ్మమ్మ. మొదటి రోజు మెరీనా, కపాలీశ్వరుడి గుడి, టీ నగర్‌లో షాపింగ్. రెండో రోజు మహాబలిపురం, మొసళ్ల పార్కు, దారిలో అక్వేరియం, మళ్లీ టీ నగర్, రాత్రికి రైలు. అక్వేరియానికి రాసిన టైము గంటంపావు. టీ నగర్‌కి రెండు రోజులూ కలిపి ఆరు గంటలు. ప్లాన్ వేసిన మా బావగారు బ్యాంకులో చేస్తారు, లెక్క తప్పే మనిషి కాదు. ఈసారి తప్పారు.

పిల్లల్ని పెద్ద అక్వేరియానికి తీసుకెళ్లాలనుకుంటే దానికి ఒక పూట మొత్తం ఇచ్చెయ్యాలి. ఇవ్వలేమంటే ఆ డబ్బుతో ఇంకో చీర కొనుక్కోవడం మేలు. చీరైనా నాలుగు పెళ్లిళ్లకి కడతారు.

మన విజయవాడలో పెద్ద అక్వేరియం లేదు కాబట్టి ఈ ప్రయాణాలు తప్పవు. మా తరం వైజాగ్ ఆర్కే బీచ్‌లో మత్స్యదర్శిని చూసి, కురుసుర సబ్‌మెరైన్ ఎక్కి దిగి, మురీ మిక్చర్ తిని తృప్తిగా వచ్చేసింది. ఇప్పటి పిల్లలకి అది ఆనదు, తల మీదుగా షార్క్ వెళ్లాలి. చెన్నై నుంచి మహాబలిపురం వెళ్లే ఈసీఆర్ రోడ్డులో 2019లో వీజీపీ మెరైన్ కింగ్‌డమ్ తెరిచాక ఆ ముచ్చట మనకి ఒక్క రైలు దూరంలోకి వచ్చింది. 2021లో అహ్మదాబాద్ సైన్స్ సిటీలో 28 మీటర్ల సొరంగంతో ఇంకోటి వచ్చింది. దుబాయ్, సింగపూర్, అట్లాంటా సంగతి సరేసరి, అక్కడి నీలం వెలుగులో నిలబడ్డ బంధువుల ఫొటోలు చూస్తూనే ఉన్నాం.

రెండేళ్ల కిందట ఎండాకాలంలో మా ఊరి ఎగ్జిబిషన్‌కి రేకుల షెడ్డు కింద ఒక సముద్ర సొరంగం వచ్చింది. టికెట్టు కొని దూరాం. ముందు జనం, వెనక జనం, మధ్యలో ఈల ఊదుతూ ‘నడవండి, నడవండి, ఆగొద్దు’ అంటూ ఒక కుర్రాడు. మా చిన్నాడు నా భుజాల మీద ఉన్నాడు కాబట్టి వాడికి నాలుగు చేపలు కనిపించాయి. నాకు ముందాయన జుట్టు కనిపించింది. బయటికొచ్చి మిర్చి బజ్జీల బండి దగ్గర ‘ఎలా ఉందిరా’ అంటే, ‘అయిపోయిందా?’ అన్నాడు. వేలు ఖర్చుపెట్టి అసలైన అక్వేరియానికి వెళ్లినా మనం చేసేది ఇదే. అక్కడ ఈల ఊదే కుర్రాడు ఉండడు, ఆ పని కూడా మనమే చేసుకుంటాం.

ఒక పూట ఎందుకంటారా? బయట ఎండలోంచి ఆ చీకటి హాల్లోకి వెళ్తే కళ్లు కుదురుకోవడానికే కొంతసేపు పడుతుంది. పైగా నీళ్ల అవతలున్నది అసలు దూరం కన్నా పావు వంతు దగ్గరగా కనబడుతుంది. నాలుగడుగుల దూరంలో ఉన్న చేప మూడడుగుల్లోనే ఉన్నట్టుంటుంది. చంటిపిల్లలు అద్దానికి చెయ్యి చాపేది అందుకే. ఈ మొదటి పావుగంటలో ఎవరూ ఏమీ చూడరు, ‘అబ్బో’ అనుకుంటారంతే. చూడటం ఆ తర్వాత మొదలవుతుంది. సరిగ్గా అప్పుడే మనం ‘పదండి పదండి, డ్రైవర్ వెయిటింగ్’ అంటాం.

టేకు చేపనే (స్టింగ్‌రే) తీసుకోండి. అద్దానికి పొట్ట ఆనించి, అప్పడంలా పైకి పాకుతుంది. కింద వైపు రెండు కళ్లు, నవ్వుతున్నట్టు ఒక నోరు. పిల్లలు కేరింతలు కొడతారు, మనం ఫొటో తీస్తాం, ముందుకెళ్తాం. అక్కడే ఇంకో అయిదు నిమిషాలు నిలబడితే అది పక్కకి తిరుగుతుంది, వీపు కనిపిస్తుంది, ‘నాన్నా, దీనికి పైన కూడా కళ్లున్నాయేంటి?’ అని ఎవరో ఒకరు అడుగుతారు. పైనున్నవే అసలు కళ్లు. కింద మనం కళ్లనుకున్నవి దాని ముక్కు రంధ్రాలు. ఈ సంగతి నేను ముందే చెప్పేస్తే పాఠం అవుతుంది, పిల్లాడే పట్టుకుంటే జన్మలో మర్చిపోడు. షార్కులూ అంతే. కొన్ని ఆగకుండా ఈదుతూనే ఉంటాయి, నీరు మొప్పల్లోంచి పారితేనే వాటికి ఊపిరి. ఇంకొన్ని అడుగున పడుకుని నోటితో నీళ్లు లోపలికి లాక్కుంటాయి. తొట్టిలో ఏది ఆగింది, ఏది ఆగలేదు అని పదేళ్ల పిల్లలిద్దరికి పందెం పెట్టి చూడండి, అరగంట వరకు ఐస్‌క్రీమ్ మాటెత్తరు. నారింజ రంగు క్లౌన్ ఫిష్ గుంపులో అన్నిటికన్నా పెద్దది ఆడది. అది చచ్చిపోతే దాని తర్వాతి మగది ఆడదిగా మారి ఇంటి పెత్తనం తీసుకుంటుంది. ఆ మాట విని మా అమ్మమ్మగారు ఏమంటారో వినాలని నాకు భలే ఆశగా ఉంది.

అందుకే బావగారి ప్లాన్‌లో నేను కత్తెర వేశాను. శని, ఆదివారాలు వద్దు, వారం మధ్యలో వెళ్దాం. రైల్వే రిజర్వేషన్ 60 రోజుల ముందే తెరుస్తారు కాబట్టి తొందరపడాల్సింది ఒక్క అక్కడే. పొద్దున్నే పినాకిని ఎక్కితే, గుంటూరు వాళ్లు తెనాలిలో అందుకుంటే, మధ్యాహ్నానికి చెన్నై సెంట్రల్. ఆ సాయంత్రం మెరీనా, టీ నగర్ మీ ఇష్టం. రాత్రి బస మాత్రం ఈసీఆర్ వైపే. పొద్దున ఊరి నడిమధ్యలోంచి బయల్దేరితే ట్రాఫిక్‌లోనే పిల్లలు నీరసపడతారు. మర్నాడు ఇడ్లీలు తినేసి, గేటు తీసే వేళకి అక్కడుండాలి. చేపలకి మేత ఎప్పుడు వేస్తారో టికెట్ కౌంటర్‌లోనే అడిగేస్తే మిగతాదంతా దాని చుట్టూ తిప్పుకోవచ్చు. అమ్మమ్మ మోకాళ్ల కోసం కూర్చునే చోటు ముందే చూసిపెట్టుకోవాలి, పిల్లలు తిరిగి తిరిగి ఆవిడ దగ్గరికే వస్తారు. సొరంగంలో రెండుసార్లు నడవాలి, ఒకసారి నోరు తెరవడానికి, ఒకసారి కళ్లు తెరవడానికి. మొదటి అరగంట ఫోన్లన్నీ అమ్మమ్మ సంచీలో. చివరి షరతు మా ఆవిడకి నచ్చలేదు, అయినా ఒప్పుకుంది.

ఇదంతా దండగ, యూట్యూబ్‌లో ఇంతకన్నా బాగా కనిపిస్తాయి అనేవాళ్లున్నారు. కనిపిస్తాయి. అవతలివాడు కెమెరా ఎటు తిప్పితే అటు. మీ పిల్లాడు తొట్టి మూలలో రాయి వెనక దాక్కున్న దాన్ని చూద్దామనుకుంటే యూట్యూబ్ ఆగి చూపించదు. ప్రాణుల్ని బంధించడం పాపం కదా అనే మాటకి మాత్రం నేను తలవంచుతాను. డాల్ఫిన్లతో ఆటలాడించే కేంద్రాలకి అనుమతులివ్వొద్దని 2013లో కేంద్రం చెప్పింది, మంచి పని చేసింది. అయితే తొట్టిలో చేపని బంధించామన్న బాధ నిజంగా ఉన్నవాళ్లు దాన్ని గంటంపావులో చూసి పారిపోవడం ఇంకా పెద్ద తప్పు. అది అక్కడ ఉన్నందుకైనా నిలబడి చూడాలి కదా.

నా అసలు బాధ చెన్నై గురించి కాదు. మన పిల్లలకి క్లౌన్ ఫిష్ తెలుసు, కొర్రమీను తెలీదు. దేశంలో చేపల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌ది మొదటి స్థానం. కైకలూరు వైపు నుంచి ఐసు పెట్టెలతో లారీలు అస్సాం దాకా వెళ్తాయి. ఆ లారీల దారిలో పుట్టి పెరిగిన పిల్లాణ్ని బొచ్చెకీ శీలావతికీ తేడా అడగండి. పిల్లాడి దాకా ఎందుకు, మనమేం చెప్తాం? ముళ్లు ఎక్కువా తక్కువా, పులుసుకా వేపుడుకా. చేపల మీద మనకున్న పేరుమోసిన సామెత కూడా పుస్తెలమ్మైనా పులస తినమంటుంది గానీ, అది వరదకి ఎదురీది సముద్రంలోంచి గోదావరిలోకి ఎలా ఎక్కి వస్తుందో ఒక్కసారి చూడమనదు.

కొర్రమీను నీళ్లలో ఉండే చేపే గానీ, పైకొచ్చి గాలి పీల్చనివ్వకపోతే నీళ్లలోనే ఊపిరాడక చచ్చిపోతుంది. దాని పిల్లలు ఎర్రగా ఒక ముద్దలా నీటి పైన కదులుతుంటే కింద పెద్ద చేప కాపలా తిరుగుతుంది. చెరువు గట్టున పెరిగినవాళ్లకి ఇది తెలుసు, అపార్ట్‌మెంట్‌లో పెరిగినవాళ్లకి తెలిసే దారి లేదు. పండుగప్ప ముందు మగదిగా పెరిగి, తర్వాత ఆడదవుతుంది. ఉప్పునీళ్లలోనూ మంచినీళ్లలోనూ బతుకుతుంది. క్లౌన్ ఫిష్ చేస్తే ‘వావ్’ అన్న వింతనే మన పండుగప్ప చేస్తుంటే కిలో ఎంత అని అడుగుతాం.

అందుకే ‘విజయవాడకి కూడా షార్కుల సొరంగం రావాలి’ అన్న మాట వినపడితే నాకు ఒళ్లు మండుతుంది. సముద్రపు నీళ్లలో లీటరుకి దాదాపు 35 గ్రాముల లవణాలుంటాయి. పది లక్షల లీటర్ల తొట్టి కడితే, ఒక్కసారి నింపడానికే 35 టన్నుల ఉప్పు. దుబాయ్ మాల్‌లో తొట్టి కోటి లీటర్లు, దాన్ని పక్కన పెట్టండి. సముద్రం మనకి బందరు అవతల ఉంది. కృష్ణ మాత్రం 1957 నుంచి ప్రకాశం బ్యారేజీ దగ్గర మన గుమ్మంలో ఆగి నిలబడి ఉంది. ఆ ఒడ్డున మంచినీటి అక్వేరియం కట్టండి, మన నది చేపలతో. గుమ్మంలో మహాబలేశ్వరం కొండల వాగు, అందులో మహసీర్. తర్వాత నాగార్జునసాగర్ లోతు నీళ్లు, అక్కడ మనిషంత వాలుగ. ఆ పక్కన మోకాలి లోతు కొల్లేరు, గడ్డి మధ్య కొర్రమీనూ బొమ్మిడాయీ. చివర హంసలదీవి, ఉప్పూ తీపీ కలిసే చోటు, మడ చెట్ల వేళ్ల మధ్య బురదలో గెంతే చేపలు. దాదాపు 1,400 కిలోమీటర్ల నదిని పిల్లాడు ఒక పూటలో నడిచి దాటతాడు. అది చూడటానికి చెన్నై వాళ్లు రైలెక్కి రావాలి.

అందులో ఒక తొట్టి సక్కర్ ఫిష్‌కి కూడా ఉంచాలి, దొంగ ఫొటో పోలీస్ స్టేషన్‌లో పెట్టినట్టు. దక్షిణ అమెరికా చేప. ఇంట్లో తొట్టికి పట్టిన నాచు తింటుందని కొంటారు, పెరిగి పెద్దదయ్యాక పాపం అనిపించి తీసుకెళ్లి కాలువలో వదిలేస్తారు. ఆ పాపభీతి ఫలితం ఇప్పుడు జాలర్ల వలల్లో పడుతోంది, దాని గరుకు ఒంటికీ ముళ్లకీ వలలు చిరుగుతున్నాయి, తినేవాడు లేడు. అక్వేరియం చూసొచ్చిన వారంలోపు పిల్లలు ఇంట్లో తొట్టి కావాలంటారు, రాసిపెట్టుకోండి. కొంటే కొనండి. బందరు కాలువకో ఏలూరు కాలువకో రైవస్ కాలువకో మాత్రం దాన్ని అప్పగించకండి.

మొన్న ఆదివారం నలుగురు పిల్లల్నీ చేపల మార్కెట్‌కి తీసుకెళ్లాను. ముక్కు మూసుకున్నారు, చెప్పులు బురదయ్యాయని గొణిగారు. ఒక పెద్దావిడ శీలావతి మొప్ప ఎత్తి లోపల ఎర్రగా దువ్వెన పళ్లలా ఉన్నది చూపించి, ‘ఊపిరి తీసేది దీంతోనే నాన్నా’ అంది. తడి బకెట్లో నాలుగు కొర్రమీనులు ఒకదాని మీద ఒకటి మెలికలు తిరుగుతున్నాయి. మా చిన్నాడు చాలాసేపు వాటినే చూసి, ‘ఇది ఈదుతుంటే ఎలా ఉంటుంది?’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నలభై ఐదేళ్లుగా తింటున్నాను గానీ, అది ఈదడం ఎప్పుడూ చూళ్లేదు.

ఆ ప్రశ్న అలాగే గ్రూపులో పెట్టాను. సాయంత్రానికి బావగారు కొత్త ప్లాన్ పంపారు. టీ నగర్‌లో మూడు గంటలు కోశారు.